లారీ మోడల్ తర్వాత చూద్దాం, ముందు ఆ చక్రాల్లో గాలి తీయించండి

పుత్తూరు దగ్గర మీ పల్లెలో నాన్నగారి పాత టాటా బానెట్ లారీ ఏళ్లుగా కదలకుండా నిలబడి ఉందని, ఆర్‌సీ చిరిగిపోయి ఏ మోడలో తెలియట్లేదని, టైర్లు మీరే విప్పి మార్చాలనుకుంటున్నారని రాశారు. మోడల్ కనుక్కోవడం కష్టం కాదు. చక్రాల మీద మాత్రం దయచేసి మీరు చెయ్యి వేయకండి.

చిత్తూరులో మా మేనమామ టైర్ల కొట్లో నేను కొన్నేళ్లు పనిచేశాను. ఆ పాత లారీల చక్రం ఒకే ముక్క కాదు. డిస్కుతో (నట్లు బిగించే మధ్య పళ్లెంతో) కలిసిన రిమ్ము, టైరును బయటి పక్క పట్టుకునే సైడ్ రింగు, దాన్ని జారకుండా ఆపే లాక్ రింగు. కొన్నిటికి సైడ్ రింగు, లాక్ రింగు కలిపి ఒకటే ఉంటుంది. లాక్ రింగును పట్టి ఉంచేది రిమ్ములో ఉన్న చిన్న గాడి మాత్రమే. బోల్టు ఉండదు, వెల్డింగ్ ఉండదు. 100 పీఎస్‌ఐ గాలి నిండిన 20 అంగుళాల చక్రంలో ఆ రింగు మీద పడే తోపు పది టన్నులకు పైమాటే. గాడిలో తుప్పు పొరలు కట్టినా, రింగు కాస్త వంగినా, ఆ బరువు మోసే అంచు మిగలదు.

ఒకసారి మా కొట్లోనే గాలి పడుతుండగా రింగు ఎగిరింది. పైన రేకును చీల్చుకుని బయటికి పోయింది. చిరిగిన రేకు అంచులు ఆకాశం వైపు విచ్చుకుని ఉన్నాయి. గాలి పట్టే కుర్రాణ్ణి మామ అప్పుడే కేకేసి పక్కకు లాగాడు కాబట్టి బతికాడు. తర్వాత చూస్తే ఆ లాక్ రింగు వేరే కంపెనీ రిమ్ముది. చూపుకు అచ్చం అలాగే ఉంది, గాడిలో మాత్రం ఒక చివర పూర్తిగా కూర్చోలేదు. అందుకే రిమ్ము మీద, రింగుల మీద ఉన్న ముద్రలను వైర్ బ్రష్‌తో రుద్ది చదివించండి. సైజూ కంపెనీ కలవకపోతే ఆ రింగు పాత ఇనుముకే. పగుళ్లున్న రిమ్ముకు వెల్డింగ్ పెట్టిస్తే బాగుపడదు, ఇంకా ప్రమాదం.

విప్పేవాళ్ల దగ్గర మీరు నిలబడి చూడాల్సింది ఇది. వీల్ నట్లు ముట్టుకోకముందే వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం వదిలేయాలి. వెనక జంట చక్రాలైతే రెండింటిదీ తీయాలి, ఎందుకంటే లోపలి రిమ్ము పగిలి ఉంటే దాన్ని ఆపుతున్నది ఆ నట్లే కావచ్చు. గాలి ఆగిపోయిందని సంతోషపడకూడదు. తుప్పో మట్టో అడ్డం పడి ఉండొచ్చు, కాబట్టి వాల్వులోకి సన్న తీగ పోనిచ్చి చూడాలి. తిరిగి గాలి పట్టేటప్పుడు చక్రం ఇనుప బోనులో ఉండాలి, పైపు పొడవుగా, వాల్వుకు దానంతటదే పట్టుకునే క్లిప్పుతో ఉండాలి, మనిషి రింగుకు ఎదురుగా ఉండకూడదు. గాలి ఉన్నప్పుడు రింగు సరిగ్గా కూర్చోలేదని సుత్తితో కొట్టడం చాలా చోట్ల చూస్తాం. అలా కొట్టబోతే అక్కడే ఆపించండి. అమెరికాలో ఈ చక్రాల పనికి బోను, గాలి తీయడం తప్పనిసరి చేస్తూ 1980లోనే నిబంధన తెచ్చారు. మన దగ్గర రోడ్డు పక్క పంచర్ కొట్లలో బోను లేకుండానే పని నడుస్తోంది, అది నాకు నిజంగా బాధ. బోను లేని కొట్టుకు మీ బండి ఇవ్వకండి.

ఇక మోడల్ సంగతి. క్యాబిన్ చూసి నమ్మొద్దు, అప్పట్లో బాడీలు షెడ్లలో కట్టించేవాళ్లు. చాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) పొడవునా ఉండే కమ్మీ మీద, ముందు చక్రం పరిసరాల్లో కొట్టిన నంబరు వెతకండి, గ్రీజు గీకితే బయటపడుతుంది. ఇంజిన్ నంబరు 692తో మొదలైతే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వ్యాసం). 697 అయితే బోరు 97. పేరులోని అంకెలకూ అర్థం ఉంది. 1210 అంటే లోడుతో కలిపి సుమారు 12 టన్నులు, 100 హార్స్‌పవర్. పేరు చివర 42 అని ఉంటే వీల్‌బేస్ 4225 మిల్లీమీటర్లు, ముందు ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకు టేపు పట్టి సరిచూసుకోండి. బానెట్ మీద ఎక్కడైనా మెర్సిడెస్ బెంజ్ పేరు కనిపిస్తే జాగ్రత్తగా దాచండి, టెల్కోకు (టాటా లారీలు చేసిన కంపెనీ అప్పటి పేరు) ఆ జర్మన్ కంపెనీతో ఒప్పందం 1954 నుంచి 1969 దాకానే. నంబరు ప్లేటు ఏపీ 03 అయితే 1989 తర్వాత మన చిత్తూరు జిల్లాలో ఎక్కిన నంబరు. దాంతో ఆర్టీఓ ఆఫీసులో రిజిస్ట్రేషన్ వివరాలు అడగండి.

టైర్లు కొనేముందు రిమ్ము సైజు చూడండి. 9.00-20 టైరుకు 7 అంగుళాల వెడల్పు రిమ్ము, 10.00-20కి 7.5. బండి మళ్లీ రోడ్డెక్కించే ఉద్దేశం ఉంటే రింగులు లేని 22.5 అంగుళాల ట్యూబ్‌లెస్ చక్రాలకు మారడమే మేలని నా అభిప్రాయం. 10.00-20 బదులు 11-22.5 వస్తుంది. అయితే స్టడ్లు (చక్రం నట్లు బిగించే బోల్టులు) ఎన్ని, వాటి మధ్య దూరం ఎంత, హబ్ మధ్య రంధ్రం ఎంత అన్నది కొలిచి మరీ కొనాలి. ఇంజిన్ నంబరు మొదటి మూడు అంకెలు, ఒక్కో చక్రానికి స్టడ్ల సంఖ్య ఇక్కడ రాయండి, సరిపోయే డిస్కు చెబుతాను.