వీపు రుద్దుకునే బ్రష్షు గురించి తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. షవర్ పైపుకి తగిలించి, వెనక్కి తిరిగి నిలబడి వీపు రాసుకునే ఆ బ్రష్షు కొననా వద్దా అని అడిగావు. కొనుక్కో. ఇందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు. "మరీ అంత ముసలాడినయ్యానా అన్నయ్యా" అని కింద రాశావు చూడు, అదే నాకు నచ్చలేదు. నీకు 58, నాకు 72. నేనే ఇంకా ఆ మాట అనుకోవడం మొదలుపెట్టలేదు. కాకపోతే ఆ ఫొటోలో చూపించినట్టు షవర్ పైపుకి మాత్రం తగిలించకు. ఎందుకో చెప్తాను, ఆ చదువుకి నేను ఫీజు కట్టాను.

నాలుగేళ్ళ కిందట నా కుడి భుజం పట్టేసింది కదా. చొక్కా వేసుకోవాలంటే మీ వదిన వచ్చి చెయ్యి పట్టుకుని దూర్చాల్సి వచ్చేది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మిగతావాళ్ళకంటే ఎక్కువగా వస్తుందని డాక్టర్ అప్పుడే చెప్పారు, వదలడానికి ఏడాదీ పట్టొచ్చు, రెండు మూడేళ్ళూ పట్టొచ్చన్నారు. ఇప్పుడు నీ వంతు. చెయ్యి పైకి లేవకపోతే ఎలాగో సర్దుకుంటాం గానీ, వెనక్కి పోకపోతే అప్పుడు తెలుస్తుంది మనకి వీపు ఒకటుందని. మన బెజవాడ మే నెల సంగతి నీకు చెప్పేదేముంది, బనీను వీపుకి అతుక్కుపోతుంది, రెక్కల మధ్య చెమటకాయలు లేచి రాత్రంతా మంచం పట్టెకి రాసుకోవడమే. 2016 పుష్కరాలప్పుడు పద్మావతి ఘాట్‌లో నా వీపు నువ్వే రుద్దావు. మళ్ళీ పుష్కరాలు 2028లో. అప్పటిదాకా ఆగలేం కదా.

నేను మొదట కొన్నది పొడుగు పిడి బ్రష్షు. దాని గురించి ఎక్కువ చెప్పను, దాన్ని తిప్పాలన్నా భుజమే కావాలి. అది ఇప్పుడు మేడమీద నీళ్ళ డ్రమ్ము కడగడానికి పనికొస్తోంది.

రెండోది నువ్వు చూసిన లాంటిదే. షవర్ చేతికి, అంటే గోడలోంచి బయటికొచ్చే పైపుకి, కొక్కెం వేసి వేలాడదీస్తే కింద వెడల్పాటి పలక, దాని మీద బ్రష్షు. మొదటి వారం మహారాజులా ఉన్నాను. తర్వాత ఓ రోజు బాగా దురద పుట్టి, హాయిగా ఉంది కదాని వెనక్కి కాస్త గట్టిగా ఆనాను, గోడలో ఎక్కడో టిక్కుమని చప్పుడైంది. ఏమీ కనపడలేదు, స్నానం ముగించి వచ్చి కాఫీ కూడా తాగాను. సాయంత్రానికి కింది పోర్షన్ ఆవిడ పైకొచ్చి, మా వంటింటి సీలింగు తడిసిపోతోందండీ అంది. ప్లంబర్ వచ్చి రెండు టైల్స్ పగలగొట్టి చూపించాడు, గోడ లోపల షవర్ చేతిని బిగించే ఎల్బో చీలిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ బస్సుల కింద పడుకుని బోల్టులు బిగించినవాణ్ణి, చూడగానే అర్థమైంది. షవర్ చెయ్యంటే అరంగుళం పైపు, గోడలో దాని పట్టు నాలుగు చుట్ల మర. బయట మూరెడు పొడుగు చెయ్యి, దాని కొసన నా బరువు. అంటే స్పానర్‌కి పైపు ముక్క తొడిగి తిప్పడమే కదా! అలా తిప్పితే మొండి బోల్టే లొంగుతుంది, ప్లాస్టిక్ ఎల్బో ఒక లెక్కా? పైగా మన ఇళ్ళల్లో అదే రంగు టైల్ మళ్ళీ దొరకదు. మా బాత్‌రూమ్‌లో ఇప్పటికీ ఆ రెండు టైల్స్ వేరే రంగులో ఉంటాయి, వచ్చినవాళ్ళందరికీ మీ వదిన చూపిస్తుంది.

కాబట్టి షవర్ పైపు మీద వేసేది షవర్ బరువే. దాన్ని పట్టుకుని నిలబడకు, తువ్వాలు కూడా వెయ్యకు.

మూడోది రబ్బరు కప్పులతో గోడకి అతికేది. ఇది చెడ్డదేం కాదు, నీకు సరిపోవచ్చు కూడా, కానీ దాని లెక్క తెలుసుకుని కొను. కప్పుని గోడకి నొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది, బయటి గాలి దాన్ని గోడకి అదిమి పట్టుకుంటుంది. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు కిలో. అంటే పది సెంటీమీటర్ల వెడల్పు కప్పు కాగితం మీద డెబ్భై కిలోలకి పైనే పట్టాలి. కాగితం మీదే సుమా. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు ఉంటుంది చూడు, తెల్ల సిమెంటు నింపేది, కప్పు అంచు దాని మీద పడిందంటే వెంట్రుకంత దారి చాలు, గాలి లోపలికి దూరి కప్పు జారిపోతుంది. గరుకు టైల్ మీద అసలు అతకదు. మీ అరండల్‌పేట ఇంట్లో వాడేది బోరు నీళ్ళే కాబట్టి టైల్స్ మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది, కంటికి నున్నగానే కనపడుతుంది గానీ గోటితో గీరితే పొడి రాలుతుంది. దాన్ని నిమ్మచెక్కతోనో వెనిగర్‌తోనో రుద్ది కడిగి, పూర్తిగా ఆరాక, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒకసారి తుడిచి అప్పుడు అతికించు. తడి గోడకి అతికిస్తే ఆ రోజుకి నిలుస్తుంది, మర్నాడు పొద్దున్నే నీళ్ళ బకెట్లో తేలుతుంది. రోజూ స్నానానికి ముందు చేత్తో ఒకసారి కిందికి లాగి చూడు, కదిలితే తీసి మళ్ళీ నొక్కు. ఇంకో మాట, వీపు ఆనించినప్పుడు మన బరువు దాన్ని గోడలోకే నెడుతుంది కాబట్టి దానికేమీ కాదు, కిందికి జారుతూ రాసుకున్నప్పుడే అది ఊడేది. అందుకని పైకీ కిందికీ కాకుండా పక్కకి రాసుకోవడం అలవాటు చేసుకో.

ఇప్పుడు నేను వాడేది నాలుగోది, నేనే చేయించుకున్నాను. ఆటోనగర్‌లో మనకి తెలిసిన షెడ్డులో జానెడు వెడల్పు, మూరెడు పొడుగు స్టీలు రేకు వంపించి, నాలుగు మూలలా బెజ్జాలు వేయించి, గోడకి స్క్రూలతో బిగించాను. 304 రకం స్టీలు అని అడిగి మరీ తెచ్చుకున్నాను, మామూలు ఇనుముకి రంగు వేయిస్తే మన ఉప్పునీళ్ళకి ఏడాదిలో తుప్పు కారి గోడ మీద చారలు పడతాయి. రేకు మీద అంటించి ఊడదీసే పట్టీ, చెప్పులకి ఉంటుందే చర్ చర్ మని ఊడేది, అది వేశాను. దాని మీద మెత్తటి సిలికాన్ ముక్క. మీ వదిన దీనికి గేదె స్తంభం అని పేరు పెట్టింది, నేను స్నానానికి వెళ్తుంటే వంటింట్లోంచి అరుస్తుంది, "స్తంభం జాగ్రత్త!" అని. అననీ.

ఎత్తు సంగతి అందరూ పట్టించుకోరు గానీ సగం పని అక్కడే ఉంది. వీపుకి సబ్బు నురగ పట్టించి, పొడి గోడకి మామూలుగా నిలబడి ఒక్కసారి ఆనుకుని పక్కకి తప్పుకో. గోడ మీద నీ వీపు అచ్చు పడుతుంది. రెక్కల మధ్య పల్లం ఉన్నచోట నురగ తక్కువ ఉంటుంది, బ్రష్షు నడిమధ్య అక్కడికి రావాలి. అక్కడ పెడితే మోకాళ్ళు కాస్త వంచగానే మెడ కింది దాకా అందుతుంది, మునివేళ్ళ మీద లేవగానే నడుము దాకా వస్తుంది. నేను మొదట కళ్ళకి ఎదురుగా ఉంటే బాగుంటుందని ఎత్తులో పెట్టాను, మెడ ఒక్కటే శుభ్రంగా ఉండేది.

గోడకి బెజ్జాలు వేసేటప్పుడు ఒక్క విషయం. కుళాయికి నేరుగా పైన, గీజర్‌కి నేరుగా కింద గోడలో నీళ్ళ పైపులుంటాయి, గీజర్ స్విచ్చి నుంచి కరెంటు వైరు వస్తుంది. ఆ దారులు వదిలేసి పక్క గోడ చూసుకో. టైల్‌లోంచి పోయేదాకా డ్రిల్లుకి దెబ్బ (హామర్ మోడ్) పెట్టకూడదు, టైల్ దాటాకే పెట్టాలి, లేకపోతే నక్షత్రంలా పగులుతుంది. బెజ్జం వేసే ముందు టైల్ మీద కాగితం టేపు అంటిస్తే బిట్టు జారదు. బెజ్జంలో ప్లగ్గు పెట్టే ముందు కాస్త సిలికాన్ నింపు, లేకపోతే గోడలోకి చెమ్మ పోతుంది.

ఇక రుద్దుకోవడం. షవర్ కట్టేసి రుద్దుకో. నీళ్ళు పోతూ ఉంటే సబ్బు వీపు మీద నిలవకుండా పాదాల కిందికి చేరుతుంది, మన వయసులో బాత్‌రూమ్‌లో జారడం అంటే తుంటి సంగతి. పాదాలు గోడకి అడుగు దూరంలో పెట్టి, కింద రబ్బరు పట్టా వేసుకుని, చేతికి అందేలా పక్క గోడకి బిగించిన స్టీలు కడ్డీ ఒకటి ఉంచుకో. ఆ కడ్డీ స్క్రూలతో బిగించిందే ఉండాలి, రబ్బరు కప్పుల కడ్డీని నమ్మి బరువు వెయ్యకు, దాని లెక్క పైన చెప్పాను. గేదె చెట్టుకి రాసుకున్నట్టు నెమ్మదిగా పక్కకి పక్కకి, ఒక్క నిమిషం చాలు.

ఒక్క నిమిషం అని ఊరికే అనడం లేదు. నాకు ఈ స్తంభం దొరికాక సరదా ఎక్కువై రోజుకి రెండుసార్లు, అదీ బీరకాయ పీచు తగిలించి, తోలు ఊడేలా రుద్దాను. ఆరు నెలలకి మీ వదిన చూసి, మీ వీపు మీద నల్లగా మట్టి పట్టిందేమిటండీ అంది. మట్టి అనుకుని ఇంకా రుద్దాను. ఇంకా నల్లబడింది, ఇసుక మీద గాలి గీసిన గీతల్లా అలలు అలలుగా. చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన వీపు చూసి మొదట అడిగిన మాట, "దేంతో రుద్దుతున్నారు?" అని. చాలాకాలం గరుకు పీచుతో, నైలాన్ జాలీతో రుద్దేవాళ్ళకి వీపు పైభాగంలో, చేతుల మీద ఇలా వస్తుందట, మన దేశంలో ఎక్కువే చూస్తామన్నారు. అది మురికి కాదు, రాపిడికి చర్మంలో పేరుకున్న రంగు. రుద్దేకొద్దీ పెరుగుతుంది, మానేసినా తగ్గడానికి చాలా కాలం పడుతుంది. పీచు ఆ రోజే పారేశాను. చిన్నప్పుడు అమ్మ దీపావళికి నలుగు పెట్టి రుద్దేది, ఏడుస్తూ నిలబడేవాళ్ళం, నిజమే, కానీ అది ఏడాదికి ఒక్కసారి. ఇది రోజూ.

పీచే కావాలని పంతం పడితే నానబెట్టి మెత్తబడ్డాక వాడు, రోజూ ఎండలో వెయ్యి, మూడు నాలుగు వారాలకి మార్చెయ్యి. చెమ్మగా గోడకి వదిలేస్తే వాసన వేస్తుంది, ఆ వాసనంటే అందులో ఏదో పెరుగుతున్నట్టే. నీకు షుగర్ ఉంది, వీపు మీద సెగగడ్డ లేస్తే నీకు కనపడదు. వారానికోసారి మరదలి చేత చూపించుకో, లేదా ఫోన్‌తో ఫొటో తీయించుకుని నువ్వే చూసుకో. పుండు గానీ, తామర గానీ, శోభి మచ్చలు గానీ ఉన్నన్నాళ్ళు బ్రష్షు జోలికి పోకు. మీ ఇద్దరికీ ఒక రేకు చాలు గానీ ముక్కలు మాత్రం వేరు వేరు ఉండాలి. తామర ఒకరి నుంచి ఇంకొకరికి ఇలా తేలిగ్గా ఎక్కుతుంది.

తలంటు రోజున స్తంభానికి సెలవు. ఒంటికి నూనె రాసుకుని దానికి ఆనితే సిలికాన్ జిడ్డు పట్టి వారం దాకా వదలదు, కింద పట్టా కూడా జారుతుంది. ఆ రోజు పీట వేసుకుని కూర్చుని, వీపు మరదలికి అప్పగించు. ఆవిడ తిడుతుంది, తిట్టించుకో.

తుడుచుకోవడం మర్చిపోయాను. తువ్వాలు వీపు వెనకగా ఏటవాలుగా వేసి, మంచి చేత్తో పై కొస, నొప్పి చేత్తో కింది కొస పట్టుకుని, పై చెయ్యి నెమ్మదిగా లాగు. ఇదే నాకు ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన వ్యాయామం, వీపు ఆరుతుంది, భుజమూ కదులుతుంది. నొప్పి మొదలైన చోట ఆగు, పౌరుషానికి పోకు. ముందు మీ డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టు, నీ భుజం ఏ దశలో ఉందో నాకు తెలీదు.

నేను ఆదివారం పొద్దున బయల్దేరి గుంటూరు వస్తున్నాను. డ్రిల్లు, స్టీలు రేకు, స్క్రూలు నేనే తెస్తాను, టైల్ బిట్టు ఆరో నంబరుది నువ్వు కొని ఉంచు, నాది మొండిది అయిపోయింది. గోడ మీద నురగ అచ్చు శనివారమే వేసుకుని పెన్సిల్‌తో గీత పెట్టు. మరదలు నీకంటే జానెడు పొట్టి కాబట్టి ఆవిడ గీత వేరే పెట్టించు, నిలువుగా రెండు జతల బెజ్జాలు వేసేద్దాం.

అన్నయ్య