బోడైన గుట్ట మీద నీటి కందకాలు తవ్వితే గొర్లకు మళ్ళా మేత వస్తదా?

వస్తదన్నా, మా జనగామ దిక్కు కండ్లముందే వచ్చింది. కానీ గుట్ట కింద ఒక పెద్ద కుంట తవ్వించి ఊకుంటే రాదు. నీళ్ళను పైన్నే ఆపాలె. ఎకరం మీద సెంటీమీటర్ వాన పడితే 40 వేల లీటర్లు, బోడి నేల మీద అవి ఆగవు, మట్టిని గూడ గుంజుకొని ఒర్రెల పడి పోతయ్, ఇగ గడ్డి గింజ ఏడ నిలుస్తది?

మా బంచరాయిల, అంటే ఊరుమ్మడి మేత జాగల, మేస్త్రీ దగ్గర లెవల్ పైపు తెచ్చి, వాలుకు అడ్డంగ సున్నంతోని గీతలు గీసి, పైనుంచి కిందికి కందకాలు తవ్వుకుంట వచ్చినం, తీసిన మట్టిని కింది వైపు కట్టలెక్క పోసినం. మృగశిరల పెద్దవాన పడ్డనాడు మా కాక, నేను గొంగళ్ళు కప్పుకొని ఆన్నే నిలవడ్డం. పై కందకం నిండి ఎర్రనీళ్ళు పొర్లినయ్, కిందిది అందుకున్నది, అది నిండి ఇంకోదాంట్లకు. అసొంటి వానకు మోకాలు లోతు వచ్చే ఒర్రె ఆనాడు పాదాలు తడిసేంతనే పారింది. తెల్లారి పోతే కందకాలల్ల నీళ్ళు లేవు, కాక కట్టె గుచ్చితే జానెడు దిగింది. ముందుగాల పచ్చబడ్డది ఆ కట్టల పొంటనే, మేం చల్లిన స్టైలో అనే మేత మొక్క కంటే గరికనే ముందు లేసింది.

తవ్వుడు కాదు, గొర్లను ఆపుడే అసలు కష్టం. రెండు వానకాలాలన్న మంద తొక్కొద్దు. ఆఫీసోళ్ళు వచ్చి బోర్డు పాతి పోతరు, కురుమోళ్ళను ఒక్క మాట అడగరు, మందలున్నోళ్ళు ఏడికి పోవాలె? మేం కూసొని మాట్లాడుకొని గుట్టను రెండు చేసినం, ఒక దిక్కు మూస్తే ఇంకో దిక్కు మేపుడు, మూసినకాడ కొడవలితోని కోసుకపోవచ్చు. మనకంటే మస్తు తక్కువ వాన పడే మహారాష్ట్రల హివ్రే బజార్ అనే ఊర్ల గూడ విడిగ మేపుడు బంద్ పెట్టి, గడ్డి కోసుకపోనిచ్చిన్రు.

నాకు కోపమొచ్చేది ఇంకోటున్నది. 2015ల మిషన్ కాకతీయ మొదలైనంక చెరువుల పూడిక తీసి చెలకలకు కొట్టుకున్నరు, మంచిదే, ఆ పూడిక ఏడికెళ్ళి వచ్చింది? పైన గుట్టల మీద కొట్టుకపోయిన మట్టే గద. రామప్ప, పాకాల అని గొప్పగ చెప్పుకుంటం, చెరువుకు నీళ్ళిచ్చే గుట్టను మాత్రం మొరం లారీలకు ఇడిసిపెడుతం.

మీరు ఎండకాలంలనే తవ్వుడు అయిపోగొట్టున్రి. దానికంటే ముందు సర్వే చేయించి హద్దురాళ్ళు పాతించున్రి, పచ్చబడ్డంక ఆ జాగ మీద శానమంది కండ్లు పడతయ్.