స్కోరు పిల్లవాడిది, పాస్‌వర్డ్ తండ్రిది

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి. కాలేజీ ప్రవేశాల కోసం రాసే ఎస్ఏటీ పరీక్షలో 1600కు డిసెంబరులో 1340, మార్చిలో 1370 వచ్చాయి. 1500 దాటకపోతే మంచి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ రాదని మావారి పట్టుదల. ఫలితం వచ్చిన రోజు వాడికన్నా ముందే ఆయన లాగిన్ అయి చూసి, స్కూలుకు బయలుదేరుతున్నవాడితో "ముప్ఫై పాయింట్లేనా?" అన్నారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. స్కూలు పరుగుపందేల జట్టు (ట్రాక్ టీం) మాన్పించి శని, ఆదివారాలు కోచింగ్‌లో చేర్చారు, మే నెల పరీక్షకు ఫీజు కూడా కట్టేశారు. ఆయన గదిలోకి వస్తే చాలు, వాడు ల్యాప్‌టాప్ మూసేస్తున్నాడు. ఎస్ఏటీకి బదులు రాయగల ఏసీటీ పరీక్ష తేలికంటున్నారు కదా, ఆయనకు చెప్పకుండా వాడిచేత అది రాయించనా?

జవాబు: అమ్మా, మీ ఇంట్లో రెండు సమస్యలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఎంత స్కోరు కావాలన్నది ఒకటి, ఆ స్కోరు ఎవరిదన్నది రెండోది. మొదటిదానికి లెక్కలున్నాయి కనుక ముందు దాన్ని చూద్దాం.

మీవారి ఆందోళనను నేను కొట్టిపారేయడం లేదు. ఆయన బహుశా ఎంసెట్ వంటి పరీక్ష రాసి, ఒక్క ర్యాంకుతోనే సీటు తేలిపోయే పద్ధతిలో పైకి వచ్చి ఉంటారు. అలాంటి చోట ఒక్కో మార్కుకూ ప్రాణం పెట్టడం సహజం. అమెరికాలో చాలా కాలేజీలు నాలుగేళ్ల హైస్కూలు గ్రేడ్లు, తీసుకున్న కోర్సుల స్థాయి, వ్యాసాలు, ఉపాధ్యాయుల సిఫార్సులు, తరగతి బయట చేసిన పనులు అన్నీ కలిపి చూస్తాయి, ఎస్ఏటీ వాటిలో ఒకటి మాత్రమే. దాని బరువు కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. 2020లో కోవిడ్ కారణంగా చాలా కాలేజీలు ఈ పరీక్షను ఐచ్ఛికం చేశాయి. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ 2024లో మళ్లీ స్కోర్లు అడుగుతామని ప్రకటించాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లైతే స్కోరు పంపినా ప్రవేశ నిర్ణయంలో దాన్ని చూడవు. అందువల్ల 1500 అన్న అంకె ఏ కాలేజీది అని మీవారిని అడగండి, నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవడానికే.

జవాబు వెతకడానికి చోటుంది. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రాన్ని వెలువరిస్తాయి. అందులో సి7 పట్టిక ప్రవేశంలో ఏ అంశానికి ఎంత ప్రాధాన్యమో చెబుతుంది. సి9 కొత్తగా చేరిన విద్యార్థుల స్కోర్లలో మధ్య సగం ఎక్కడినుంచి ఎక్కడివరకు ఉందో చూపిస్తుంది. పరీక్ష ఐచ్ఛికమైన చోట స్కోరు పంపినవారివే లెక్కలోకి వస్తాయి కనుక ఆ అంకెలు కాస్త ఎత్తుగా కనబడతాయి. కంప్యూటర్ సైన్స్‌కు విడిగా ఎంపిక చేసే యూనివర్సిటీల్లో పోటీ మిగతా కోర్సులకన్నా గట్టిగా ఉండే మాట నిజమే, ఆ మేరకు మీవారి భయం అకారణం కాదు. అబ్బాయే తనకు నచ్చిన కాలేజీలు రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా ఈ వివరాలు నింపుకోనివ్వండి. 1370 కొన్నింటికి సరిపోవచ్చు, కొన్నింటికి పంపకపోవడమే మేలు కావచ్చు.

ఇక ఆ ముప్ఫై పాయింట్ల సంగతి. ఎస్ఏటీ రిపోర్టులో స్కోరుతో పాటు ఒక పరిధి కూడా ఇస్తారు. అదే చదువుతో అదే పిల్లవాడు ఇంకో రోజు రాస్తే స్కోరు ఆ పరిధిలో అటూ ఇటూ కదలవచ్చని దాని అర్థం. ముప్ఫై పాయింట్లు ఆ కదలికలో ఇమిడిపోయే తేడాయే, దాన్ని చూసి మెచ్చుకోవడానికీ లేదు, నిందించడానికీ లేదు. ఇప్పుడు పరీక్ష 2 గంటల 14 నిమిషాలు. ఇంగ్లిషుకు, గణితానికి రెండేసి మాడ్యూళ్లు, అంటే భాగాలు, ఉంటాయి. మొదటిది ఎలా రాశాడన్నదాన్ని బట్టి రెండోదాని కష్టం మారుతుంది. మొదటి మాడ్యూల్‌లో కంగారుపడి తేలిక ప్రశ్నలు వదులుకున్నవాడికి ఆ దెబ్బ రెండోదానిలోనూ తగులుతుంది. కనుక శని, ఆదివారాలు వందల కొద్దీ కొత్త ప్రశ్నలు చేయించే కోచింగ్‌కన్నా, ఎస్ఏటీ రాయడానికి వాడే బ్లూబుక్ యాప్‌లో ఒక పూర్తి నమూనా పరీక్ష సమయం ప్రకారం రాసి, తప్పిన ప్రతి ప్రశ్న పక్కన "తెలియలేదు", "తప్పుగా చదివాను", "టైం చాలలేదు" అని గుర్తు పెట్టుకోవడం ఎక్కువ ఉపయోగం. తెలియనివాటికి ఖాన్ అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచిత పాఠాలున్నాయి.

మే నెల పరీక్ష మానిపించండి, ఫీజులో కొంత పోతే పోనివ్వండి. మే నెలలోనే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, అంటే హైస్కూల్లో చదివే కాలేజీ స్థాయి కోర్సుల పరీక్షలు, ఉంటాయి. పైగా పన్నెండో తరగతి మొదట్లో దరఖాస్తు చేసే నాటికి కాలేజీల ముందుండే చివరి పూర్తి సంవత్సరపు గ్రేడ్లు ఈ ఏటివే. స్కోరు కోసం వాటిని చెడగొట్టుకోవడం నష్టపు బేరం. ఆగస్టులో ఒకసారి, అవసరమైతే అక్టోబరులో మరోసారి రాసి, అక్కడితో ఆపేయాలి. ముందస్తు దరఖాస్తులకు చాలా చోట్ల నవంబరు 1 గడువు. వేర్వేరు తేదీల్లో వచ్చిన మంచి విభాగపు స్కోర్లను కలిపి లెక్కించే కాలేజీలు చాలా ఉన్నాయి కనుక వెనుకటి శ్రమ వృథా కాదు. ట్రాక్ టీంలోకి మాత్రం ఈ వారమే పంపండి.

నాకు ఎక్కువ కలవరం కలిగించింది ఆ ఉదయం. తన ఫలితాన్ని తాను చూసుకునే హక్కు కూడా ఆ పిల్లవాడికి లేకపోయింది; సిగ్గో సంతోషమో తేల్చుకోకముందే తీర్పు వినవలసి వచ్చింది. ల్యాప్‌టాప్ మూత పడటాన్ని పొగరు అనుకోకండి, ఆ ఇంట్లో అతను మూసుకోగలిగింది అదొక్కటే. మీవారు చేయవలసిన పని చిన్నది. పాస్‌వర్డ్ మార్చుకోమని కొడుకుతో చెప్పి, "నీకంటే ముందు నేను చూడకుండా ఉండాల్సింది. ఇకమీదట నువ్వు చెప్పినప్పుడే తెలుసుకుంటాను" అనాలి. దాని వెంట "కానీ" అన్న మాట రాకూడదు. కొడుకు వెంటనే కరిగిపోతాడని ఆశించవద్దు. మీరు కూడా ఒకరి మాటలు మరొకరికి చేరవేయడం మానండి. అది సాగినంత కాలం వారికి నేరుగా మాట్లాడుకోవలసిన అవసరం రాదు.

నిద్ర, తిండి బాగా తగ్గిపోయినా, స్నేహితులను కూడా దూరం పెడుతున్నా స్కూలు కౌన్సెలర్‌ను, పిల్లల డాక్టరును కలవండి. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా ఆలస్యం చేయకుండా ఆత్మహత్య ఆలోచనలున్నవారికి సాయపడే 988 నంబరుకు ఫోను చేయండి.

చివరికి మీరడిగిన ఏసీటీ. అది తేలికన్నది అందరి విషయంలో నిజం కాదు. ఒక్కో ప్రశ్నకు దొరికే సమయం ఎస్ఏటీ కన్నా అందులో తక్కువ. వేగంగా చదివేవారికి నప్పుతుంది. 2025 నుంచి అందులో సైన్స్ విభాగం ఐచ్ఛికమైంది. కాలేజీలు రెంటినీ సమానంగానే చూస్తాయి. అబ్బాయికి ఇష్టమైతే ఇంట్లో ఒక నమూనా పరీక్ష రాయనివ్వండి. ఏసీటీ స్కోరు ఎస్ఏటీలో ఎంతకు సమానమో చెప్పే పోలిక పట్టికలో చూసినప్పుడు 1370 కన్నా స్పష్టంగా మెరుగైతేనే అటు మారడం గురించి ఆలోచించండి. రహస్యంగా మాత్రం వద్దు. మంచి స్కోరు వస్తే దాన్ని ఎలా దాచారన్న గొడవ ముందుకొస్తుంది, రాకపోతే తండ్రికి తెలియకూడని ఓటమి ఒకటి అబ్బాయి మోయాలి. "వాడు శనివారం ఇంట్లో ఏసీటీ నమూనా పరీక్ష రాస్తాడు, ఎంతొచ్చిందో వాడంతట వాడు చెప్పేదాకా మనమిద్దరం అడగకూడదు" అని మీవారితో ముందే చెప్పండి.