రెండువేల సీలెంటా, ముప్పైఎనిమిది వేల రిపేరా?

ప్రశ్న: మాది తెనాలి. నెలకు 42 వేల జీతం. 2014 మోడల్ పెట్రోల్ కారు ఉంది. రోజూ గుంటూరు ఆఫీసుకు, నెలకోసారి అమ్మను విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్లడానికి అదే ఆధారం. ఈమధ్య కూలెంట్ తగ్గిపోతోంది, ఇంజన్ వేడెక్కుతోంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందని, 38 వేలు అవుతుందని మెకానిక్ అన్నాడు. రేడియేటర్‌లో 1,800 రూపాయల సీలెంట్ పోస్తే సరిపోతుందని స్నేహితుడు అంటున్నాడు. బాగుంటే కారు 2.2 లక్షలు పలుకుతుందట, ఇలాగే అమ్మితే 1.3 లక్షలు ఇస్తామంటున్నారు. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది, కానీ దాన్ని కదపడం ఇష్టం లేదు. క్రెడిట్ కార్డు మీద చేయించుకోనా?

జవాబు: అమ్మగారి ఆస్పత్రి ప్రయాణం ఈ కారుతోనే అన్నారు కాబట్టి ముందు ఆ మాటే చెబుతాను. నడిరోడ్డు మీద ఆగిపోయే అవకాశమున్న బండిలో ఆవిడను ఎక్కించకండి. తేలే వరకు ఆ ఒక్క రోజుకు ట్యాక్సీ పెట్టుకోండి.

తర్వాత, గ్యాస్కెట్టే పోయిందని ఖాయం చేసుకోండి. ఇంజన్ బ్లాకుకూ, దానిపైన మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య సందు లేకుండా మూసే పలక అది. వాటర్ పంపు, రేడియేటర్ మూత, పగిలిన గొట్టం వల్ల కూడా కూలెంట్ తగ్గుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ మూత విప్పి కింది వైపు చూడండి. పాలు ఎక్కువైన టీ రంగులో నురగ ఉందంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నట్టు అనుమానించాలి. అదొక్కటే రుజువు కాదు. బ్లాక్ టెస్టర్ ఉన్న గ్యారేజీకి తీసుకెళ్లండి. రేడియేటర్ మూత దగ్గర గాజు గొట్టం పెట్టి, లోపలి గాలిని నీలం రంగు ద్రవంలోంచి లాగుతారు. సిలిండర్‌లో మండిన వాయువు నీళ్లలోకి వస్తుంటే ఆ నీలం పసుపు రంగుకు తిరుగుతుంది. 38 వేల నిర్ణయం ముందు ఈ చిన్న ఖర్చుకు వెనకాడకండి.

ఇక సీలెంట్. చాలా సీసాల్లో ఉండేది సోడియం సిలికేట్. వేడి తగిలిన చోట గట్టిపడి గాజులాంటి పొర కడుతుంది, అదే దాని పని. అది మరీ గట్టి పదార్థం. 2009లో అమెరికా ప్రభుత్వం పాత కార్లు తీసుకుని కొత్తవాటికి రాయితీ ఇచ్చినప్పుడు, ఆ పాత ఇంజన్లు మళ్లీ వాడకుండా ఆయిల్ తీసేసి ఈ ద్రావణమే పోసి నడిపించారు. కాసేపటికే ఇంజన్లు పట్టేశాయి. మీరు పోసేది ఆయిల్‌లో కాదు, కూలెంట్‌లో, పైగా కొంచెమే. నిజమే. కానీ అది లీకు దగ్గరే ఆగదు, కూలెంట్ వెళ్లే ప్రతి దారిలోకీ వెళ్తుంది. నా పాత కారుకు ఒక మెకానిక్ మాట విని పోయించాను. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత రేడియేటర్ సన్న గొట్టాలు పూడుకుపోయి, మే నెల ఎండలో సూది ఎర్ర గీత దాటింది. చివరికి గ్యాస్కెట్ మార్చక తప్పలేదు, దానిమీద రేడియేటర్ కూడా కొన్నాను.

అందుకే 1,800ను 38 వేలతో పోల్చకండి. పోసినా లీకు ఆగకపోతే 1,800, ఆ 38 వేలు, ఒక్కోసారి రేడియేటర్ ఖర్చు కూడా కలిసి పడతాయి. రెండు మూడు నెలల్లో తుక్కుకు ఇచ్చేసే బండి, లీకు చాలా చిన్నది అయితే పోసుకోవచ్చు. మీది అలాంటి బండి కాదు, రిజిస్ట్రేషన్ 2029 వరకు ఉంది. సీలెంట్ పోసి, లీకు ఆగినప్పుడు అమ్మేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. కొనేవాళ్లూ మనలాంటి జీతగాళ్లే. దయచేసి ఆ పని చేయకండి.

రిపేరుకు డబ్బు ఎక్కడిది అంటే, ఎఫ్‌డీని రద్దు చేయక్కర్లేదు. దానిమీదే లోన్ తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీకి సాధారణంగా ఒకటి, రెండు శాతం కలిపి వేస్తారు. మీకు 7 శాతం వస్తోందనుకుంటే 9 శాతం. నెలకు 5 వేల చొప్పున కడితే ఎనిమిది, తొమ్మిది నెలల్లో తీరిపోతుంది, మొత్తం వడ్డీ 1,300 దాటదు. అదే కార్డు బాకీ నెలకు 3.5 శాతం అయితే, మొదటి నెలే 1,330 వడ్డీ, దానిమీద 18 శాతం జీఎస్టీ. బీమా మీద ఆశ పెట్టుకోకండి, అరుగుదల, యాంత్రిక లోపాలు మామూలు పాలసీలోకి రావు.

అంత డబ్బు పెడుతున్నప్పుడు పని కూడా సరిగ్గా జరగాలి. హెడ్ దించాక లేత్ షాపులో వంపు చూపించి, అవసరమైతే ఫేసింగ్ (మెషిన్ మీద చదును) చేయించాలి, పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయించాలి. బిగింపులో సాగే రకం హెడ్ బోల్టులైతే కొత్తవి వేయాలి, బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన వరుసలోనే బిగించాలి. స్టీలు రేకుల గ్యాస్కెట్ వేస్తుంటే దానికి సిలికాన్ పూయనివ్వకండి. ‘ఇంకా గట్టిగా పడుతుంది సార్’ అంటారు. అది పిండినట్టు బయటికొచ్చి, ముక్కలుగా ఊడి, ఆయిల్ దారుల్లో ఇరుక్కుంటుంది. కంపెనీ మాన్యువల్‌లో ఫలానా అతుకు దగ్గర చుక్క పెట్టమని ఉంటే అక్కడ వరకే. వంకర పోయిన హెడ్‌ను ఏ పేస్టూ చదును చేయలేదు. ఇవన్నీ 38 వేలలో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి.

హెడ్ దించాక పగులు బయటపడితే మాత్రం లెక్క మారుతుంది. బాగుచేసినందుకు పెరిగే విలువ 90 వేలు. ఖర్చు 70 వేలు దాటుతుందంటే పని అక్కడే ఆపించి, లోపం దాచకుండా చెప్పి అమ్మేయండి. విప్పిన బండికి 1.3 లక్షల కంటే తక్కువే ఇస్తారు, కాబట్టి విప్పించే ముందే ఆ ధర కూడా అడిగి పెట్టుకోండి.