బోడీ గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

నీ చిత్తుప్రతి చదివాను. మొదటి పేరాలో తుపాకీ పేలింది, రెండో పేరాలో దయ్యం తిరిగింది, బంగారం మాత్రం నాలుగో పేజీ దాకా రాలేదు. కాలిఫోర్నియాలో పాడుబడ్డ బంగారు గనుల ఊరు బోడీ మీద రాసేవాళ్ళు చాలామంది ఇక్కడే జారిపడతారు. ఆ నాలుగు పేజీలూ పక్కన పెట్టు.

ముందు లెక్కలు సరిచెయ్యి. ఊరికి పేరిచ్చిన డబ్ల్యూ. ఎస్. బోడీ అక్కడ బంగారం జాడ పట్టింది 1859లో. ఆ చలికాలమే మంచుతుఫానులో చిక్కుకుని చనిపోయాడు. అతని మొదటి పేరు మీద తగాదా ఉంది, పొడి అక్షరాలతో సరిపెట్టు. ఊరు పొంగింది అప్పుడు కాదు. ఒక గని కుప్పకూలి మేలైన ఖనిజం బయటపడి, 1877లో స్టాండర్డ్ అనే గనుల కంపెనీ దిగాక. ఆ జోరు 1881 నాటికే తగ్గింది. నువ్వేమో ‘దశాబ్దాల వైభవం’ అన్నావు! జనాభా 10 వేలని కొందరు, 5 నుంచి 7 వేలని కొందరు అంటారు; రెండూ చెప్పు. రాష్ట్రంలో రెండో పెద్ద పట్నమన్న మాట మాత్రం కొట్టెయ్. 1880 జనగణన దాన్ని ఒప్పుకోదు.

తర్వాత రాయిని దంచే మిల్లు దగ్గర ఆగు. నువ్వు ‘బంగారం తీశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎలా తీశారు? స్టాండర్డ్ మిల్లులో 20 ఇనుప రోకళ్ళు. తిరిగే ఇరుసు వాటిని ఎత్తి వదిలేస్తుంటే, కింద రాయి నీళ్ళతో కలిసి బురదయ్యేది. ఆ బురద పాదరసం పూసిన రాగిరేకుల మీదుగా పారేటప్పుడు బంగారం పాదరసానికి అంటుకునేది. ఆ ముద్దను గీకి తీసి మూసిన పాత్రలో కాచేవారు. పాదరసం ఆవిరై గొట్టంలో చల్లబడి మళ్ళీ చేతికొచ్చేది, బంగారం అడుగున మిగిలేది. రేకుల మీద నిలవకుండా బురదతో కొట్టుకుపోయిన బంగారాన్ని తర్వాత సైనైడ్‌తో రాబట్టారు. చప్పుడు రాయాలంటే తుపాకీ కన్నా ఈ రోకళ్ళు నయం.

1890ల మొదట్లో దాదాపు 13 మైళ్ళ దూరం నుంచి, గ్రీన్ క్రీక్ అనే వాగు దగ్గరి జలవిద్యుత్తును తీగల మీద ఈ మిల్లుకు తెచ్చారు. మన పాఠకుడికి కోలార్ గనులు గుర్తు చెయ్యి. శివసముద్రం కరెంటు అక్కడికి చేరింది 1902లో. మలుపు దగ్గర కరెంటు జారిపోతుందని భయపడి తీగను తిన్నగా లాగారన్న ముచ్చట కావాలంటే రాసుకో, ‘అంటారు’ అని చేర్చి.

ఇక అసలు సంగతి, ఊరిని నిలబెట్టడం. 1932 మంటల్లో చాలా భాగం పోయింది. 1962లో రాష్ట్రం దాన్ని చారిత్రక పార్కుగా తీసుకుంది. అక్కడి నియమం విచిత్రం: శిథిలాన్ని ఉన్నచోట ఆపాలి, ఊరిని కొత్తది చెయ్యకూడదు. గోడ ఒరిగి ఉంటే ఒరిగినట్టే ఉంచి ఊతమిస్తారు. రంగు వెయ్యరు. కప్పు, కిటికీ, పునాది, ఈ మూడింటినీ చూసుకుంటారు. ఎందుకంటే కప్పు కారితే దూలం కుళ్ళుతుంది, ఆపైన మంచు బరువు పడితే ఇల్లు కూలుతుంది. నేలకానిన అడుగు దుంగ చెమ్మ పీల్చి మెత్తబడితే గోడ మొత్తం కుంగుతుంది. మరీ బాగుచేస్తే సినిమా సెట్టు, వదిలేస్తే కట్టెల కుప్ప. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే.

ఊళ్ళోంచి ఏదైనా ఎత్తుకెళ్తే కీడు తగులుతుందన్న శాపం కథ ఒక్క పేరాకు మించనివ్వకు. ఇనుప మేకో రాయో ఎత్తుకెళ్ళినవాళ్ళు క్షమాపణ ఉత్తరంతో తిప్పి పంపుతుంటారు, నిజమే. కానీ ఆ మేకు ఏ గోడదో ఎవరు చెప్పగలరు?

వేసవిలో వెళ్ళు. ఎత్తు 8,379 అడుగులు, చివరి మూడు మైళ్ళు మట్టిరోడ్డు, మంచు పడితే దారి మూసుకుపోతుంది. తిండీ పెట్రోలూ అక్కడ దొరకవు. మిల్లు లోపలికి గైడుతోనే పంపుతారు, ఆ టూరు వదులుకోకు. చాలా ఇళ్ళను కిటికీలోంచే చూడాలి. అద్దానికి ముఖం ఆనించి, ఒక్క గదిలో ఉన్నవన్నీ దుమ్ముతో సహా రాసుకుని రా.

ఆశీస్సులతో,
అన్నయ్య