టెక్ సందేహాలు: చేయి దాటగానే విమానం ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: మాది దేవరకొండ, డిగ్రీ చదువుతున్నా. ఆన్‌లైన్‌లో ఫోమ్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానం కొన్నాను. చక్రాలు లేవు, చేత్తో విసరాలి. ప్రొపెల్లర్ ముందుంది. ఫుల్ థ్రాటిల్ (మోటార్ వేగం) ఇచ్చి బాగా ఎత్తుగా విసిరినా ప్రతిసారీ ఎడమకు ఒరిగి నేలకు కొట్టుకుంటోంది. ఇంకా పవర్ ఉన్న మోటార్ వేయాలా సర్?

జవాబు: వద్దు, మోటార్ జోలికి పోకండి. 'బాగా ఎత్తుగా విసిరినా' అని రాశారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. రెక్క విమానాన్ని మోయాలంటే దాని మీదుగా గాలి తగినంత వేగంగా పోవాలి. ముక్కు ఆకాశం వైపు పెట్టి విసిరితే చేయి ఇచ్చిన కాస్త వేగమూ ఎత్తు ఎక్కడానికే ఖర్చయిపోతుంది. వేగం పడిపోగానే రెక్క మోయడం మానేస్తుంది. దీన్నే స్టాల్ అంటారు. నిలువెత్తులో స్టాల్ అయితే సరిచేసుకునే జాగా ఉండదు.

విసిరే ముందు ముక్కు దాదాపు సమంగా ఉండాలి, మహా అయితే 5 నుంచి 10 డిగ్రీలు పైకి. రెండు రెక్కలూ నేలకు సమాంతరంగా ఉండాలి. భుజం ఎత్తులో పట్టుకుని, ఈటె విసిరినట్టు, చేయి నేరుగా ముందుకు చాపుతూ వదలాలి. మణికట్టు తిప్పవద్దు. కుడిచేత్తో విసిరేవాళ్లు చివర్లో తెలియకుండానే మణికట్టు తిప్పేస్తారు, దాంతో రెక్క ఒరిగే చేయి దాటుతుంది.

ఇక ఎడమకే ఎందుకు ఒరుగుతోందంటే, మామూలుగా ఇలాంటి విమానాల ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. దానికి ప్రతిచర్యగా విమానం ఎడమ వైపు ఒరగాలని చూస్తుంది. గాలిలో వేగంగా పోతున్నప్పుడు ఎయిలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) దాన్ని ఆపగలవు. చేయి దాటిన క్షణంలో వేగం తక్కువ, వాటికి బలం చాలదు. పైగా మీరు ఫుల్ థ్రాటిల్ ఇస్తున్నారు. మీ మోటార్ బలంగానే ఉంటే 60, 70 శాతం థ్రాటిల్‌తో విసిరి, విమానం సాగిపోతున్నాక మెల్లగా పెంచండి. ఇంకా పెద్ద మోటార్ వేస్తే ఆ ఒరుగుడు ఎక్కువవుతుంది తప్ప తగ్గదు.

గాలికి ఎదురుగా విసరాలని చాలామంది చెబుతారు, ఎందుకో మాత్రం చెప్పరు. విమానం నిలవడానికి గంటకు 30 కిలోమీటర్ల వేగం కావాలనుకుందాం. ఎదురుగాలి 10 ఉంటే మీ చేయి 20 ఇస్తే చాలు. అదే గాలి వాలుకు విసిరితే 40 ఇవ్వాలి, మనిషి చేతికి అది చాలా కష్టం. పిడికెడు దుబ్బ తీసి వదలండి. అది ఎటు కొట్టుకుపోతే అటు వీపు పెట్టి నిలబడి విసరండి. పొద్దున్నే గాలి నెమ్మదిగా ఉంటుంది, నేర్చుకోవడానికి అదే మంచి వేళ. జూన్, జులైలో మన పాలమూరు, నల్లగొండ వైపు పడమటి గాలి బలంగా వీస్తుంది. ఆ రోజుల్లో కొత్తవాళ్లు మొదలుపెట్టకపోవడమే మేలు.

అన్నిటికన్నా ముఖ్యం, విసిరే పని మీ స్నేహితుడికి అప్పగించండి. మీ రెండు బొటనవేళ్లూ ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) స్టిక్‌ల మీదే ఉండాలి. ఒంటరిగా విసిరితే చేయి తిరిగి ట్రాన్స్‌మిటర్ మీదికి వచ్చేలోపే విమానం నేల మీద ఉంటుంది. చేయి దాటాక ఒకటి రెండు క్షణాలు రెక్కల్ని సమంగా ఉంచడం తప్ప ఇంకేమీ చేయకండి. తొందరపడి ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) లాగకండి. గట్టు మీది తాటిచెట్టును దాటేంత ఎత్తుకు వెళ్లాకే మొదటి మలుపు తిప్పండి.

ఇన్నిసార్లు పడింది కాబట్టి మళ్లీ ఎగరేసే ముందు రెండు చూసుకోండి. ఒకటి, బరువు ఎక్కడ తూగుతోందో. మాన్యువల్‌లో చెప్పిన చోట రెక్కల కింద రెండు వేలికొనలు పెట్టి ఎత్తండి. మామూలు రెక్కకు అది ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో పావు వంతు, మూడో వంతు మధ్య ఉంటుంది. తోక బరువై కిందికి వాలితే బ్యాటరీని ముందుకు జరపండి. రెండోది, స్టిక్ కుడికి నెడితే కుడి ఎయిలెరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. రిపేరు చేశాక రిసీవర్‌లో (విమానంలో రిమోట్ సిగ్నల్ అందుకునే భాగం) వైర్లు తారుమారైతే ఇది తలకిందులవుతుంది.

వరి కోసిన మడి, ఎండిన చెరువు శిఖం మంచి చోట్లు. పత్తి కట్టె నిలబడి ఉన్న చేను, సర్కారు తుమ్మ ఉన్న చోటు ఫోమ్‌ను చీల్చేస్తాయి. బోరు మోటార్లకు పోయే కరెంటు తీగలుంటే అక్కడ అసలే వద్దు. తీగకు చిక్కిన విమానాన్ని కర్రతో తీయబోకండి, ప్రాణాలు పోతాయి.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నాను. పన్నెండేళ్ల మా అబ్బాయికి కొన్న విమానంలో ప్రొపెల్లర్ వెనక ఉంది. పడినా విరగదన్నారు. చేత్తో విసరడం సేఫేనా?

జవాబు: విరగదన్నది నిజమే, నేలకు ముందు తగిలేది ముక్కు కాబట్టి. కానీ విసిరేటప్పుడు ఆ ప్రొపెల్లర్ మీ చేతి పక్క నుంచే పోతుంది. అందుకే మోటార్ ఆపి విసిరి, విమానం చేతిని పూర్తిగా దాటాకే థ్రాటిల్ ఇవ్వాలి. విసిరేది మీరు, స్టిక్ పట్టేది అబ్బాయి. దళసరి గ్లవ్ వేసుకోండి. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి, థ్రాటిల్ కట్ స్విచ్ (మోటార్ తిరగకుండా ఆపేది) వేసి, ఆ తర్వాతే బ్యాటరీ కలపాలి. తీసేటప్పుడు ముందు బ్యాటరీ, చివర ట్రాన్స్‌మిటర్. ఈ వరుస పిల్లవాడి చేత నోటితో చెప్పించండి. విసరడానికి ముందు కొన్నాళ్లు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద ఆడనివ్వండి. విమానం తనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపిస్తుంది, ఆ తికమక అక్కడే పోతుంది.

ప్రశ్న: గైరో (విమానాన్ని సమంగా నిలిపే పరికరం) పెట్టినా నా విమానం విసరగానే బోర్లా పడింది. గైరో పాడైందా? – మిర్యాలగూడ

జవాబు: తిరగేసి బిగించి ఉంటారు, లేదా దిశ సెట్టింగ్ రివర్స్‌లో ఉంది. ప్రొపెల్లర్ తీసేసి, సెల్ఫ్ లెవెల్ మోడ్‌లో (గైరో తనంతట తానే రెక్కల్ని సమం చేసేది) పెట్టి, విమానాన్ని చేత్తో పట్టుకుని కుడి రెక్క కిందికి వంచండి. కుడి ఎయిలెరాన్ కిందికి దిగాలి. పైకి లేస్తే గైరో సాయం చేయడం లేదు, విమానాన్ని ఇంకా తిప్పేస్తోంది. ముక్కు కిందికి వంచితే ఎలివేటర్ పైకి లేవాలి. స్టిక్‌లు సరిగా పనిచేస్తున్నంత మాత్రాన గైరో దిశ సరిగా ఉన్నట్టు కాదు, రెండూ వేర్వేరుగా చూడాలి.

ప్రశ్న: లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఎండకు ఉబ్బింది, వాడొచ్చా? ఊళ్లో ఎగరేయడానికి పర్మిషన్ కావాలా? – నాగర్‌కర్నూల్

జవాబు: ఉబ్బినదాన్ని వాడకండి, చార్జింగ్ కూడా పెట్టకండి. కొత్తదాన్ని ఏప్రిల్ ఎండలో బండి డిక్కీలో ఉంచకండి. సెల్‌కు 4.2 వోల్టులకు మించి ఎక్కించవద్దు, 3.5 కంటే కిందికి దిగనివ్వవద్దు. వారాల తరబడి వాడకపోతే 3.8 దగ్గర ఉంచండి. చార్జింగ్ పెట్టి పడుకోవద్దు.

పర్మిషన్ విషయానికొస్తే, డ్రోన్ రూల్స్ 2021 చదవండి, ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) 400 అడుగుల ఎత్తు దాటకూడదు, విమానం ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి. నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గర మాత్రం సరదాకు కూడా ఎగరేయకండి.