వాదపత్రం రాయబోయే జూనియర్‌కు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పార్టిక్యులర్స్ ఆఫ్ క్లెయిమ్ (వాది తన దావాను వివరించే వాదపత్రం) ముసాయిదాను ఆసాంతం చదివాను. భాష శుభ్రంగా ఉంది, సంఘటనల వరుస ఎక్కడా తప్పలేదు, క్లయింటు పడ్డ ఇబ్బంది చదివేవారికి తెలుస్తోంది. అయితే దీన్ని అందుకున్న ప్రతివాది లాయరు ఒక్క పేరాకు కూడా సూటిగా జవాబు చెప్పకుండా తప్పించుకోగలడు. కాంట్రాక్టు దావాలో వాదపత్రం చేయవలసిన మొదటి పని ఆ దారి మూసివేయడమేనని నా నమ్మకం.

హైదరాబాదులో చదివిన సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు (అధ్యాయం) నీకు గుర్తుండే ఉంటుంది: ముఖ్యమైన వాస్తవాలు చెప్పాలి, వాటిని రుజువు చేసే సాక్ష్యం చెప్పకూడదు. ఆ సూత్రం మనకు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ కోర్టు నిబంధనల నుంచే వచ్చింది. ఇక్కడ ఇంగ్లండ్‌లో 1999 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న సివిల్ ప్రొసీజర్ రూల్స్‌లో 16.4 నిబంధన కూడా వాది ఆధారపడే వాస్తవాలను క్లుప్తంగా చెప్పమనే అంటుంది. దాని పక్కనే ఉన్న 16.5ను నువ్వు ఇంకా శ్రద్ధగా చదవాలి. ప్రతి ఆరోపణకూ ప్రతివాది ఒప్పుకుంటున్నాడో, కాదంటున్నాడో, లేక ఒప్పుకోవడానికీ కాదనడానికీ వీలులేక రుజువు కోరుతున్నాడో చెప్పి తీరాలి. కాదంటే కారణం చెప్పాలి, తన కథనం వేరుగా ఉంటే అదీ చెప్పాలి. ఒక ఆరోపణను అసలు పట్టించుకోకపోతే, దానిపై తన వాదన మరోచోట కనిపిస్తే తప్ప, ఒప్పుకున్నట్టే లెక్క. డబ్బు మొత్తం విషయంలో మాత్రం, స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, రుజువు కోరుతున్నట్టే భావిస్తారు. ఈ నియమం వాదికి ఇచ్చిన బలం పెద్దది, కానీ నీ పేరాలో నాలుగు సంగతులు కలిసిపోయి ఉంటే అది పనిచేయదు.

నీ ఏడో పేరానే చూడు. ప్రతివాది పదేపదే హామీలిచ్చి, వాదిని నమ్మించి, చివరకు నాసిరకం ప్యాకింగ్ యంత్రాన్ని అంటగట్టి తీవ్ర నష్టం కలిగించాడన్నది దాని సారాంశం. దీనికి 'కాదు' అన్న ఒక్క మాట వస్తే, ఏది కాదన్నాడో నీకూ తెలియదు, జడ్జికీ తెలియదు. నోటిమాట ఒప్పందంపై ఆధారపడితే ఆ మాటలేమిటో, ఎవరు ఎవరితో ఎప్పుడు ఎక్కడ అన్నారో చెప్పాలని ఆ రూల్స్ పదహారో భాగపు ప్రాక్టీస్ డైరెక్షన్ (అనుబంధ అమలు సూచన) నిర్దేశిస్తోంది. కాబట్టి దాన్ని విడదీయి. 2023 మార్చి 14న ప్రతివాది సేల్స్ మేనేజరు తన ఆఫీసు నుంచి ఫోన్‌లో వాది డైరెక్టరుతో, ఈ యంత్రం గంటకు 600 డబ్బాలు ప్యాక్ చేస్తుందని అన్నాడు: ఇది ఒక పేరా. ఆ మాట కాంట్రాక్టులో షరతు అయిందన్నది రెండోది. అది షరతు కాకపోయినా, ఆ మాట నమ్మే వాది కాంట్రాక్టు చేసుకున్నాడు కనుక 1967 మిస్‌రిప్రజెంటేషన్ (తప్పుడు మాటతో ఒప్పందానికి దింపడం) చట్టం కింద పరిహారం కోరుతున్నామన్నది మూడోది. బిగించిన రోజు నుంచి యంత్రం గంటకు 350 డబ్బాలు దాటలేదన్నది నాలుగోది. ఇప్పుడు ఆ ఫోన్ సంభాషణ జరిగిందా లేదా, ఆ మాట అన్నాడా లేదా అన్నది ప్రతివాది కాగితం మీద పెట్టక తప్పదు. 'నాసిరకం', 'అంటగట్టి' అన్న మాటలు తీసేశాక ఆరోపణ ఎంత పదునెక్కిందో నువ్వే చూస్తావు.

నష్టం గురించి రాసిన భాగం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. క్రిస్మస్ ఆర్డరు పోయిందని, దానివల్ల లాభం పోయిందని రాశావు. ఆ ఆర్డరు సంగతి కాంట్రాక్టు నాటికి ప్రతివాదికి తెలుసని ఎక్కడా రాయలేదు. 1854 నాటి హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ గుర్తు చేసుకో. గ్లోస్టర్‌లోని పిండిమరలో క్రాంక్‌షాఫ్ట్ విరిగితే, కొత్తదానికి నమూనాగా దాన్ని గ్రీనిచ్‌కు పంపారు. రవాణాదారు ఆలస్యం చేయడంతో మర మూతబడింది. ఆ రోజుల లాభాన్ని పరిహారంలో లెక్కించరాదని కోర్టు తేల్చింది, ఎందుకంటే ఆ నష్టం మామూలుగా వచ్చేదీ కాదు, అలాంటి ప్రత్యేక పరిస్థితి ఉందని ఒప్పందం నాడు ఇరుపక్షాల ఊహలో ఉన్నదీ కాదు. అందువల్ల ప్రత్యేక నష్టానికి పరిహారం కోరేటప్పుడు, ఆ పరిస్థితి ప్రతివాదికి ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ ఈమెయిల్ వల్ల తెలిసిందో ఒక పేరాలో రాసి తీరాలి. అలాంటి ఈమెయిల్ లేకపోతే ఆ సంగతి క్లయింటుకు ఇప్పుడే చెప్పు.

రేపు ప్రతివాది తరఫున డిఫెన్స్ (జవాబు పత్రం) రాయవలసి వస్తే మన దేశపు జవాబు దావాల అలవాటు ఒకటి వదిలిపెట్టాలి. 'పై ఆరోపణలన్నీ అబద్ధం, వాది కఠినంగా రుజువు చేసుకోవాలి' అన్న వాక్యం ఇక్కడ కారణం చెప్పని నిరాకరణ, అంటే నిబంధన ఉల్లంఘన. నిజంగా తెలియని విషయమైతే తెలియదని రాసి రుజువు కోరవచ్చు. అందుకోసం మూడో వ్యక్తులను విచారించి రావలసిన సాధారణ బాధ్యత ప్రతివాదికి లేదని 2019లో అప్పీలు కోర్టు ఎస్‌పీఐ నార్త్ కేసులో చెప్పింది. కాలపరిమితి వాదన ఉంటే డిఫెన్స్‌లోనే లేవనెత్తాలి. మామూలు కాంట్రాక్టుకు 6 ఏళ్లు, డీడ్‌గా (లాంఛనంగా సాక్షి ముందు సంతకం చేసిన పత్రంగా) చేసినదానికి 12 ఏళ్లు. వాది పక్షాన వడ్డీని ఏ చట్టం కింద, ఏ రేటుకు, ఏ తేదీ నుంచి అడుగుతున్నావో రాయడం మరిచిపోకు.

25 పేజీలు దాటే వాదపత్రానికి విడిగా సంక్షిప్త సారాంశం దాఖలు చేయాలి. నీది 31 పేజీలు. అందులో సగం ఈమెయిళ్ల ఉటంకింపులే, వాటి చోటు సాక్షి వాంగ్మూలంలో.

స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్ (వాదపత్రంలోని వాస్తవాలు నిజమన్న ధ్రువీకరణ) మీద క్లయింటు సంతకం తీసుకునే ముందు పక్కన కూర్చుని ప్రతి పేరా చదివించు. నిజమని చిత్తశుద్ధిగా నమ్మకుండా అబద్ధం చెబితే కోర్టు ధిక్కరణ చర్య రావచ్చని తనకు తెలుసునన్న వాక్యం 2020 నుంచి అందులో తప్పనిసరి. ఆ 600 అన్న అంకె ఆయనకు నిజంగా గుర్తుందా, నువ్వు అడిగాక గుర్తొచ్చిందా అన్నది ఆ గదిలోనే తేలాలి. వాదపత్రాన్ని అవతలివారికి సర్వ్ చేశాక (అందజేశాక) సవరించాలంటే అవతలివారి సమ్మతి గానీ కోర్టు అనుమతి గానీ కావాలి, మొదటి సవరణ ఎర్ర రంగులో కనిపిస్తుంది, ఖర్చులు మామూలుగా మనమీదే పడతాయి.

ఇక ఆర్డరు ఫారం వెనుకవైపు అచ్చేసిన షరతులు నువ్వు పంపిన కాగితాల్లో లేవు. వాటిని స్కాన్ చేసి రేపు పంపు. రాతలో ఉన్నదే మొత్తం ఒప్పందమన్న క్లాజు అందులో ఉంటే ఫోన్‌లో చెప్పిన మాట షరతుగా నిలవడం కష్టం. అయితే అంతమాత్రాన మిస్‌రిప్రజెంటేషన్ క్లెయిమ్ పోదు. ఇద్దరూ ఏ మాటనూ నమ్మి ఒప్పందం చేసుకోలేదన్న వాక్యం కూడా ఉంటే, 1977 అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ టర్మ్స్ చట్టం కింద అది సమంజసమా అన్న ప్రశ్న వస్తుంది, దానికి రిప్లైలో (డిఫెన్స్‌కు వాది ఇచ్చే జవాబులో) వేరే పేరాలు రాయాలి. ఆ షరతులు చూసేదాకా ఏడో పేరాను ఖరారు చేయకు.